తీగ లేని దీపం: నికోలా టెస్లా జీవితం

స్విచ్చి నొక్కిన వెంటనే దీపం వెలగడం నేటి విద్యార్థికి వింత కాదు. ఆ దీపం వెనుక గోడలో దాగిన తీగ, తీగ వెనుక వీధి స్తంభం, స్తంభం వెనుక సబ్‌స్టేషన్, దానికి ఆవల వందల కిలోమీటర్ల దూరాన ఒక జలపాతమో బొగ్గు మండే కేంద్రమో ఉంటాయి. ఈ గొలుసులో ఒక్క లంకె తెగినా ఇల్లు చీకటి. ఇంతటి గొలుసును లోకానికి అమర్చి ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు నికోలా టెస్లా. అసలు ఆ గొలుసే అక్కరలేదని, భూగోళమే తీగగా మారి ఏ మూలనున్న మనిషికైనా విద్యుత్తును అందించగలదని నమ్మి, ఆ నమ్మకానికి తన ధనాన్నీ, కీర్తినీ, జీవితపు ఉత్తరార్ధాన్నీ ధారపోసినవాడూ ఆయనే. మొదటి కార్యంలో ఆయన విజయం సంపూర్ణం. రెండవదానిలో పరాజయం దాదాపు అంతే సంపూర్ణం. మనిషి ఒకడే, మేధ ఒకటే, పట్టుదల ఒకటే. ఫలితాలు మాత్రం రెండయ్యాయి. అందుకు కారణం ఆయన జీవితంలోనూ ఉంది, ప్రకృతి నియమాల్లోనూ ఉంది.

బాల్యము, విద్య

టెస్లా 1856 జూలై 10న స్మిల్యాన్ అనే చిన్న గ్రామంలో జన్మించాడు. ఆనాడు ఆ ప్రాంతం ఆస్ట్రియా సామ్రాజ్యపు సరిహద్దు సీమ. నేడది క్రొయేషియా దేశంలో ఉంది. తల్లిదండ్రులు సెర్బు జాతివారు. ఇంటి భాష సెర్బు, బడిలో నేర్చుకోవలసినది జర్మన్. మాతృభాష ఒకటి, రాజభాష మరొకటి అయినచోట పెరిగిన బిడ్డలందరి వలెనే ఆయనా చిన్ననాటనే రెండు భాషల మధ్య నడవడం నేర్చాడు. పెద్దయ్యాక అనేక యూరోపియన్ భాషలను ధారాళంగా మాట్లాడగలిగాడు.

తండ్రి మిలుటిన్ ఆర్థడాక్స్ చర్చిలో మతాచార్యుడు. తల్లి జ్యూకా చదువు నేర్చినది కాదు. అయినా సెర్బు వీరగాథలు ఎన్నో ఆమెకు కంఠస్థం. ఇంటికి కావలసిన చిన్న చిన్న పనిముట్లను తన చేతులతోనే రూపొందించుకునేది. తనకు అబ్బిన జ్ఞాపకశక్తి, యంత్రకౌశలం తల్లి పెట్టిన భిక్షేనని టెస్లా జీవితాంతం భావించాడు. అన్న డేన్ చిన్న వయసులోనే గుర్రం కారణంగా జరిగిన ప్రమాదంలో మరణించాడు. కుటుంబానికి మిగిలిన ఏకైక పుత్రుణ్ణి తన వలెనే మతాచార్యుణ్ణి చేయాలని తండ్రి సంకల్పించాడు.

ఆ సంకల్పాన్ని మార్చినది ఒక వ్యాధి. కార్లోవాట్స్ పట్టణంలో ఉన్నత పాఠశాల విద్య ముగించుకొని 1873లో ఇంటికి వచ్చిన టెస్లాకు కలరా సోకింది. నెలల తరబడి మంచం పట్టాడు. బిడ్డ దక్కడనుకున్న తండ్రి, స్వస్థత చిక్కితే ఇంజనీరింగు చదివిస్తానని మాట ఇచ్చాడు. కుమారుడు కోలుకున్నాడు, తండ్రి మాట నిలుపుకున్నాడు.

1875లో టెస్లా గ్రాట్జ్ నగరంలోని పాలిటెక్నిక్‌లో చేరాడు. అక్కడ ఒకనాడు తరగతిలో గ్రామ్ డైనమోను మోటారుగా నడిపి చూపించారు. యంత్రం తిరుగుతున్నంతసేపూ దాని కమ్యుటేటర్ వద్ద బ్రష్‌ల నుంచి నిప్పురవ్వలు రాలుతూ ఉన్నాయి. కమ్యుటేటర్ అక్కరలేని మోటారు సాధ్యం కాదా అని విద్యార్థి సందేహం. అది ఎన్నటికీ సాధ్యం కాదని ఆచార్యుడు తరగతి ముందు సుదీర్ఘంగా వివరించాడు. విద్యార్థి మౌనం వహించాడే తప్ప ఆ సందేహాన్ని విడిచిపెట్టలేదు. ఆర్థిక చిక్కుల వల్ల, చెడు సావాసాల వల్ల గ్రాట్జ్‌లో చదువు పట్టా చేతికి రాకుండానే ఆగిపోయింది. 1879లో తండ్రి గతించాడు. సందేహం మాత్రం ఆయన వెంటే నడిచింది.

తిరిగే క్షేత్రం

1881లో టెస్లా బుడాపెస్టు నగరంలోని టెలిఫోన్ సంస్థలో ఉద్యోగంలో చేరాడు. 1882లో ఒక సాయంకాలం మిత్రునితో కలిసి ఉద్యానవనంలో నడుస్తుండగా ఆరేళ్లుగా వెంటాడుతున్న చిక్కుముడి ఒక్కసారిగా విడిపోయింది. చేతికర్రతో మట్టిలో బొమ్మ గీసి మిత్రునికి తన ఆలోచనను వివరించాడు.

ఆ ఆలోచన సారం ఇది. ఏకాంతర విద్యుత్ ప్రవాహం ఒక దిక్కున పెరిగి, తగ్గి, మరల ఎదురు దిక్కున పెరుగుతూ ఉంటుంది. ఇటువంటి ప్రవాహాలను రెండింటిని, ఒకటి కొంచెం ముందు, ఒకటి కొంచెం వెనుక నడిచేటట్లు చేసి, వలయాకారంగా అమర్చిన తీగచుట్టలలోనికి పంపితే అయస్కాంత బలం ఒక చుట్ట నుంచి మరొక చుట్టకు మారుతూ గుండ్రంగా తిరుగుతుంది. తీగచుట్టలు కదలవు, అయస్కాంత క్షేత్రమే తిరుగుతుంది. దాని మధ్యన ఉంచిన లోహపు దిమ్మ ఆ క్షేత్రం వెంట తానూ తిరుగుతుంది. కమ్యుటేటర్ లేదు, బ్రష్‌లు లేవు, నిప్పురవ్వలు లేవు. నేడు పిండిమరల్లో, పొలాల్లోని పంపుసెట్లలో, కర్మాగారాల్లో తిరుగుతున్న ఇండక్షన్ మోటార్లన్నింటికీ మూలసూత్రం ఇదే. ఇటలీలో గలిలియో ఫెరారిస్ అనే శాస్త్రజ్ఞుడు కూడా స్వతంత్రంగా ఈ సూత్రాన్నే కనుగొని 1888లో ప్రకటించాడు.

టెస్లా 1882లో పారిస్‌లోని ఎడిసన్ సంస్థలో చేరి, 1884లో అమెరికా చేరుకున్నాడు. న్యూయార్కులో థామస్ ఆల్వా ఎడిసన్ యంత్రశాలలో కొద్ది నెలలు పనిచేశాడు. ఎడిసన్ ఏకముఖ విద్యుత్తును నమ్మినవాడు. ఆయన వ్యాపారమంతా దానిమీదనే నిలిచి ఉంది. ఏడాది తిరక్కుండానే టెస్లా ఆ కొలువు వదిలాడు. తన పేరుతో నెలకొల్పిన మొదటి కంపెనీలో భాగస్వాములు ఆయనను పక్కకు నెట్టారు. 1886–87 శీతకాలంలో ఈ మహామేధావి పొట్టకూటికై న్యూయార్కు వీధుల్లో కందకాలు తవ్వాడు.

1887లో కొందరు పెట్టుబడిదారులు ముందుకు రాగా సొంత ప్రయోగశాల ఏర్పడింది. 1888 మే 16న అమెరికన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ సమావేశంలో టెస్లా తన మోటారును, బహుదశా ఏకాంతర విద్యుత్ వ్యవస్థను వివరించాడు. పారిశ్రామికవేత్త జార్జి వెస్టింగ్‌హౌస్ ఆయన పేటెంట్ల హక్కులను నగదు, వాటాలు ఇచ్చి, ప్రతి అశ్వశక్తికి 2.50 డాలర్ల రాయల్టీ ఒప్పుకొని స్వీకరించాడు. తరువాతి సంవత్సరాల్లో వెస్టింగ్‌హౌస్ సంస్థ అప్పుల ఊబిలో పడినప్పుడు టెస్లా ఆ రాయల్టీ కోసం పట్టుపట్టలేదు. 1897లో రెండు లక్షల డాలర్లకు పైగా ఒకే మొత్తం తీసుకొని హక్కులను వదులుకున్నాడు. రాయల్టీ యథాతథంగా సాగి ఉంటే ఆయనకు రావలసిన ధనంతో పోలిస్తే అది స్వల్పం.

తీగ సాధించిన విజయం

ఏకాంతర విద్యుత్తు గెలవడానికి కారణం సరళమైన లెక్క. తీగలో ప్రవాహం ఎక్కువైతే తీగ వేడెక్కి శక్తి వృథా అవుతుంది. ఆ వృథా ప్రవాహపు వర్గానికి అనుపాతంలో ఉంటుంది. వోల్టేజిని పదింతలు పెంచితే అదే శక్తిని పదో వంతు ప్రవాహంతోనే పంపవచ్చు. అప్పుడు నష్టం నూరో వంతుకు తగ్గుతుంది. ఏకాంతర విద్యుత్తుకు ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా వోల్టేజిని సులభంగా పెంచవచ్చు, దించవచ్చు. ఆనాటి ఏకముఖ విద్యుత్తుకు ఆ సౌకర్యం లేదు. అది ఉత్పత్తి కేంద్రానికి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే పనికివచ్చేది.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనశాలను వెస్టింగ్‌హౌస్ సంస్థ ఏకాంతర విద్యుత్తుతో వెలిగించింది. 1895లో నయాగరా జలపాతం వద్ద టెస్లా పేటెంట్ల ఆధారంగా నిర్మించిన జనరేటర్లు తిరగనారంభించాయి. 1896 నవంబరులో ఆ విద్యుత్తు ముప్పై కిలోమీటర్లకు పైగా ప్రయాణించి బఫెలో నగరానికి చేరింది.

ఈ వెలుగు దక్షిణ భారతానికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. మైసూరు సంస్థానంలో సర్ కె. శేషాద్రి అయ్యర్ దివానుగా ఉన్న కాలంలో తలపెట్టిన శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం 1902 జూన్‌లో పనిచేయనారంభించింది. కావేరి జలపాతం నుంచి పుట్టిన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద నడిచి కోలారు బంగారు గనులకు చేరింది. ఆనాటికి ప్రపంచంలోని అతి దీర్ఘమైన విద్యుత్ లైన్లలో అది ఒకటి. తమిళ కార్మికులతో పాటు తెలుగు కార్మికులు కూడా పెద్ద సంఖ్యలో శ్రమించిన ఆ గనులలో యంత్రాలను నడిపినది ఈ ఏకాంతర విద్యుత్తే. 1905లో అదే కేంద్రం బెంగుళూరు వీధులకు దీపాలను ఇచ్చింది. తరువాతి కాలంలో వచ్చిన మెట్టూరు, మాచ్‌ఖండ్, శరావతి కేంద్రాలు నడిచినదీ ఈ బాటలోనే.

విచిత్రమేమిటంటే, కోలారుకు తీగలు లాగుతున్న ఆ రోజుల్లోనే, భూగోళానికి మరొక వైపున టెస్లా ఆ తీగలన్నింటినీ నిరర్థకం చేయగలదనుకున్న గోపురాన్ని నిర్మిస్తున్నాడు.

తీగ లేకుండా వెలిగిన దీపం

1891 మే 20న కొలంబియా కళాశాలలో ఇచ్చిన ఉపన్యాసంలో టెస్లా రెండు లోహపు పలకల మధ్య అత్యధిక పౌనఃపున్యం గల విద్యుత్ క్షేత్రాన్ని సృష్టించి, ఆ నడుమ ఏ తీగా తగిలించని గాజు గొట్టాలను చేతితో పట్టుకొని వెలిగించి చూపాడు. సభికులు నిశ్చేష్టులయ్యారు. ఇందుకు తోడ్పడినది ఆ సంవత్సరమే ఆయన రూపొందించిన పరికరం. నేడు టెస్లా కాయిల్ అనే పేరుతో పాఠశాలల ప్రదర్శనల్లో మెరుపులు కురిపించేది అదే. 1892లో లండన్, పారిస్ నగరాల్లోనూ ఈ ప్రయోగాలను చూపి యూరప్ శాస్త్రజ్ఞుల మన్ననలు పొందాడు. ఆ యాత్రలోనే తల్లి మరణశయ్య మీద ఉన్నదని తెలిసి స్వదేశానికి పరుగెత్తాడు. 1893 ఉపన్యాసాల్లో సందేశాలను, బహుశా శక్తిని కూడా, తీగలు లేకుండా దూరప్రాంతాలకు పంపవచ్చునన్న తన యోచనను బహిరంగంగా వివరించాడు.

1895 మార్చి 13న న్యూయార్కులోని ఆయన ప్రయోగశాల అగ్నికి ఆహుతి అయింది. ఏళ్ల తరబడి పోగైన యంత్రాలు, కాగితాలు ఒక్క రాత్రిలో బూడిదయ్యాయి. ఆయన కుంగిపోయినా ఆగిపోలేదు. మరుసటి సంవత్సరం న్యూయార్కులోనే స్వామి వివేకానందుని పరిచయం కలిగింది. ప్రాణము, ఆకాశము అనే వేదాంత భావాలు టెస్లాను ఆకర్షించాయని, ద్రవ్యమూ బలమూ రెండూ ఒకే శక్తిలో లీనమవుతాయన్న విషయాన్ని గణితం ద్వారా చూపగలనని ఆయన తలచాడని స్వామి 1896 ఫిబ్రవరిలో రాసిన లేఖ వల్ల తెలుస్తున్నది. ఆ గణితం టెస్లా నుంచి రాలేదు. ద్రవ్యానికీ శక్తికీ గల సంబంధాన్ని 1905లో ఐన్‌స్టీన్ సమీకరణంగా నిరూపించాడు. మహత్తరమైన ఊహ ముందు రావడం, దానిని నిలబెట్టే లెక్క వెనుకబడడం టెస్లా జీవితంలో పలుమార్లు కనిపించే విషయం.

1898లో న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టిలో ఒక చిన్న పడవను దూరం నుంచి రేడియో తరంగాలతో నడిపి చూపాడు. రిమోట్ కంట్రోలుకు అది ఆద్యరూపం.

కొలరాడో పీఠభూమి మీద

1899 మే నెలలో టెస్లా కొలరాడో స్ప్రింగ్స్ చేరుకున్నాడు. సముద్రమట్టానికి 1,800 మీటర్లకు పైగా ఎత్తున్న ఆ ప్రాంతం తరచూ పిడుగులు పడే చోటు. సంపన్నుడైన జాన్ జాకబ్ ఆస్టర్ కొత్తరకం దీపాల అభివృద్ధి నిమిత్తం ఇచ్చిన 30 వేల డాలర్లు ఇక్కడి ప్రయోగాలకు ఖర్చయ్యాయి. కొయ్యతో కట్టిన ప్రయోగశాలలో సుమారు 15 మీటర్ల వ్యాసం గల తీగచుట్ట, పైన 43 మీటర్ల ఎత్తున్న స్తంభం, దాని శిఖరాన లోహపు గోళం. యంత్రం నడిచినప్పుడు కృత్రిమ మెరుపులు ఉరుముల ధ్వనితో వెలువడేవి. ఒకసారి ఆ ధాటికి ఊరి విద్యుత్ కేంద్రంలోని జనరేటర్ కాలిపోయి పట్టణం చీకటి అయింది.

1899 జూలై 3న దూరంగా సాగిపోతున్న తుపాను మెరుపులను తన పరికరాలతో గమనిస్తూ ఉండగా సంకేతాలు బలపడి, క్షీణించి, మరల బలపడడం ఆయన చూశాడు. భూమి తంత్రీవాద్యం వలె కంపిస్తున్నదని, దానిలో స్థిర తరంగాలు ఏర్పడుతున్నాయని తీర్మానించాడు. ఆయన తర్కం ఊయల వంటిది. ఊయలను దాని లయకు సరిగ్గా సరిపోయే వేళల్లో చిన్నగా తోసినా కొద్దిసేపటికి ఎత్తుగా ఊగుతుంది. దీనినే అనునాదం అంటారు. అలాగే భూగోళాన్ని దాని లయకు తగినట్లు విద్యుత్తుతో తడుతూ ఉంటే భూమి అంతటా శక్తి నిండుతుందని, నేలలో ఒక లోహపు కడ్డీ పాతి తగిన పరికరం తగిలించుకున్నవాడు ఎక్కడైనా దానిని గ్రహించవచ్చునని, గ్రహించేవాడు లేనప్పుడు శక్తి వృథా కాదని ఆయన నమ్మాడు.

ప్రయోగశాల సమీపంలో భూమికి తగిలించిన తీగచుట్టలతో కొన్ని దీపాలు వెలిగాయి. నలభై కిలోమీటర్లకు పైగా దూరాన రెండు వందల దీపాలను వెలిగించాడన్న కథ తరువాతి కాలంలో విస్తృతంగా ప్రచారమైంది. కొలరాడోలో ఆయన దినదినమూ రాసుకున్న దినచర్య పుస్తకం 1978లో బెల్‌గ్రేడ్‌లో అచ్చయింది. అందులో ఆ ప్రయోగం లేదు. కీలకమైన పరీక్ష, అనగా పంపిన శక్తిలో ఎంత భాగం ఎంత దూరాన చేతికి వచ్చిందన్న కొలత, జరగకుండానే 1900 జనవరిలో ఆయన కొలరాడో విడిచి వెళ్లాడు.

వార్డెన్‌క్లిఫ్ గోపురం

1901లో ధనపతి జె. పి. మోర్గాన్ టెస్లాకు 1,50,000 డాలర్లు ఇవ్వడానికి అంగీకరించాడు. ఒప్పందం అట్లాంటిక్ సముద్రం మీదుగా తీగలేని వార్తలు పంపడానికి మాత్రమే. న్యూయార్కుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్‌లోని షోర్‌హామ్ వద్ద వార్డెన్‌క్లిఫ్ అనే చోట నిర్మాణం మొదలైంది. ఇటుకల ప్రయోగశాలను ప్రఖ్యాత వాస్తుశిల్పి స్టాన్‌ఫర్డ్ వైట్ రూపొందించాడు. దాని పక్కన 57 మీటర్ల ఎత్తున పుట్టగొడుగు ఆకారంలో గోపురం లేచింది. శిఖరాన 20 మీటర్లకు పైగా వ్యాసం గల అర్ధగోళం, అడుగున భూగర్భంలోనికి సుమారు 36 మీటర్ల లోతు బావి.

1901 డిసెంబరు 12న గుగ్లియెల్మో మార్కోని అంతకంటే సామాన్యమైన పరికరాలతో ఇంగ్లండు నుంచి న్యూఫౌండ్‌లాండ్‌కు ఒక అక్షరపు సంకేతాన్ని అందుకున్నట్లు ప్రకటించాడు. వార్తల పందెంలో టెస్లా వెనుకబడ్డాడు. వార్తలే కాక విద్యుత్ శక్తినే లోకమంతటికీ పంపడం తన అసలు ఆశయమని ఆయన మోర్గాన్‌కు విడమరచి రాసినది 1903 జూలైలో, చేతిలోని డబ్బు అయిపోయిన తరువాత. మోర్గాన్ మరి ధనమివ్వ నిరాకరించాడు. ఈ నిరాకరణను కేవలం ధనికుని స్వార్థంగా చిత్రించడం రివాజు. కాని ఒక పనికని తీసుకున్న సొమ్మును అంతకంటే ఎంతో పెద్దదైన, పరీక్షకు నిలవని మరొక పనికి మళ్లించిన సంగతి కూడా న్యాయదృష్టికి కనబడవలసిందే. లోకమంతటా నిండిన శక్తిని ఎవరైనా గ్రహించగలిగినప్పుడు ఎవరు ఎంత వాడారో లెక్కకట్టి సొమ్ము రాబట్టడం ఎలాగన్న ప్రశ్నకూ ఆ పథకంలో తృప్తికరమైన జవాబు లేదు.

గోపురం పూర్తిస్థాయిలో ఎన్నడూ పనిచేయలేదు. 1905 నాటికి పని దాదాపు ఆగిపోయింది. టెస్లా మనోవ్యాధికి లోనయ్యాడు. తాను నివసించిన వాల్‌డార్ఫ్ ఆస్టోరియా హోటలుకు పడిన సుమారు 20 వేల డాలర్ల బాకీ కింద 1915లో వార్డెన్‌క్లిఫ్ ఆస్తిని వదులుకున్నాడు. 1917 మే నెలలో అమెరికన్ విద్యుత్ ఇంజనీర్ల సంస్థ ఆయనను ఎడిసన్ పతకంతో సత్కరించింది. ఆ సంవత్సరమే జూలైలో గోపురాన్ని పాత ఇనుము కోసం పేల్చి పడగొట్టారు.

ప్రకృతి ఇచ్చిన జవాబు

ధనం సమకూరి ఉంటే ఆ గోపురం లోకానికి తీగలేని విద్యుత్తును ఇచ్చి ఉండేదా? తరువాతి శాస్త్రం ఇచ్చిన సమాధానం ఇవ్వలేదనే. భూమికీ, ఎగువనున్న అయనోవరణానికీ నడుమ ఉన్న ప్రదేశం అనునాదం చెందుతుందన్న మాట నిజం. జర్మన్ శాస్త్రజ్ఞుడు షూమన్ 1952లో దీనిని లెక్కకట్టి చూపాడు; సెకనుకు సుమారు ఎనిమిది కంపనాలు దాని మూల లయ. టెస్లా ఊహలో ఆ మేరకు సత్యం ఉంది. అయితే ఆ ఊయలకు ఘర్షణ ఎక్కువ. అయనోవరణం మంచి వాహకం కాదు. తట్టిన కొద్దిపాటి ఊపులకే కంపనం అణగిపోతుంది. టెస్లా వాడిన పౌనఃపున్యాలు అంతకు వేల రెట్లు హెచ్చు. అక్కడ నష్టం ఇంకా అధికం. గ్రహించేవాడు ఉన్నా లేకున్నా శక్తి నేలలో, గాలిలో వేడిగా మారి నశిస్తూనే ఉంటుంది.

తరంగాలుగా పంపినా చిక్కు తీరదు. అన్ని దిక్కులకూ వ్యాపించే తరంగం పదింతల దూరంలో నూరో వంతు బలంతోనే ఉంటుంది. వార్తకు ఇది అడ్డంకి కాదు. పంపిన శక్తిలో కోటానుకోట్ల వంతు చేరినా దానిని పెద్దది చేసి వినవచ్చు. విద్యుత్ సరఫరాకు మాత్రం పంపినదానిలో అధికభాగం గమ్యం చేరవలసిందే. మార్కోని గెలుపుకూ టెస్లా ఓటమికీ మూలంలో ఉన్న భేదం ఇదే. దూరపు మెరుపుల సంకేతాలు అందుకోవడాన్ని, దూరానికి శక్తిని చేర్చడాన్ని టెస్లా ఒకే గాటన కట్టాడు.

చివరి సంవత్సరాలు

అవివాహితుడైన టెస్లా వార్ధక్యం హోటలు గదుల్లో గడిచింది. 1931లో 75వ జన్మదినాన ప్రపంచ ప్రఖ్యాత శాస్త్రజ్ఞులు అభినందనలు పంపారు. టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన చిత్రాన్ని ప్రచురించింది. 1934 నుంచి న్యూయార్కర్ హోటల్‌లో ఆయన బసకు తోడ్పాటుగా వెస్టింగ్‌హౌస్ సంస్థ నెలకు 125 డాలర్లు చెల్లించింది. పావురాలకు గింజలు వేయడం, గాయపడిన పక్షులను గదికి తెచ్చి సాకడం ఆయనకు నిత్యవ్రతమైంది. 1943 జనవరి 7న, 86వ ఏట, ఆ హోటలులోనే ఒంటరిగా కన్నుమూశాడు. ఆ జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు రేడియోకు సంబంధించిన మార్కోని పేటెంటులోని కొన్ని అంశాలు చెల్లవని తీర్పు చెప్పింది. అందుకు ఆధారమైన పూర్వ కృషిలో టెస్లాది కూడా ఉంది. 1957లో ఆయన అస్థికలు బెల్‌గ్రేడ్‌లోని టెస్లా మ్యూజియంకు చేరాయి. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రతకు ప్రమాణంగా టెస్లా పేరును అంతర్జాతీయంగా స్వీకరించారు. ఆసుపత్రిలో ఎం.ఆర్.ఐ. యంత్రం 1.5 టెస్లా శక్తి గలదని చెప్పినప్పుడు స్మరిస్తున్నది ఈయననే.

ఊహ నిలిచిన చోటు

తీగలేని విద్యుత్తు పూర్తిగా కలగానే మిగిలిందనడం కూడా సరికాదు. 1964లో విలియం బ్రౌన్ అనే అమెరికన్ ఇంజనీరు సూక్ష్మతరంగాల శక్తితో ఒక చిన్న హెలికాప్టర్ నమూనాను గాలిలో నిలిపాడు. 1975లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ వద్ద పెద్ద డిష్ ఆంటెన్నా నుంచి సన్నని పుంజంగా పంపిన సూక్ష్మతరంగాల ద్వారా ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలో 30 కిలోవాట్లకు పైగా విద్యుత్తు రాబట్టారు. 2007లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు అనునాదం చెందే రెండు తీగచుట్టల సహాయంతో రెండు మీటర్ల దూరంలో 60 వాట్ల దీపాన్ని వెలిగించారు. పంపిన శక్తిలో సుమారు 40 శాతం చేరింది. 2023లో కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ రోదసిలోని ఉపకరణం నుంచి అతి స్వల్పమైన శక్తిని భూమికి పంపి గుర్తించగలిగింది. ఊరికి దీపాలు వెలిగించే పనిలో ఇప్పటికీ తీగకు సాటి లేదు.

తీగచుట్ట నుంచి తీగచుట్టకు శక్తి పంపడంలో హద్దును నిర్ణయించేది దూరం. చుట్ట పరిమాణం కంటే దూరం బాగా ఎక్కువైతే అయస్కాంత క్షేత్రం ఘనప్రమాణంలో తగ్గుతుంది. అక్కడ దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతు, చేతికందే శక్తి అరవై నాలుగో వంతు. అందువల్ల ఈ పద్ధతి దగ్గరి పనులకు తగినది. పలక మీద ఉంచిన ఫోను ఛార్జి కావడం, మెట్రో స్టేషన్ గేటు వద్ద బ్యాటరీ లేని కార్డు పలకడం దీనివల్లనే.

అన్నింటిలో ధన్యమైన ఉపయోగం మరొకటి ఉంది. పుట్టు చెవుడు గల పిల్లలకు శస్త్రచికిత్స చేసి అమర్చే కాక్లియర్ ఇంప్లాంటుకు చర్మం లోపల బ్యాటరీ ఉండదు. చర్మం పైన ఒక తీగచుట్ట, లోపల మరొక తీగచుట్ట. నడుమ కొద్ది మిల్లీమీటర్ల చర్మం. పై చుట్ట నుంచి లోపలి చుట్టకు ధ్వని సంకేతంతో పాటు విద్యుచ్ఛక్తి కూడా తీగ లేకుండానే చేరుతుంది. ఇక్కడ వార్తా వెళుతున్నది, శక్తీ వెళుతున్నది.

వార్డెన్‌క్లిఫ్‌లో ఇటుకల ప్రయోగశాల, గోపురం నిలిచిన ఎనిమిది పలకల పునాది నేటికీ ఉన్నాయి. 2013లో విజ్ఞానాభిమానుల విరాళాలతో ఆ స్థలాన్ని కొని విజ్ఞాన కేంద్రంగా తీర్చిదిద్దడం ప్రారంభించారు. టెస్లా జీవితం చదివే విద్యార్థి గ్రాట్జ్ తరగతి గదిలో ఆచార్యుని మాటకు లొంగని ఆ సందేహాన్ని నేర్వవలసిందే. దానితోపాటు, ఆచార్యుని మాటను ఎంతగా సందేహించాడో తన ఊహనూ అంతగా సందేహించి, గోపురం కట్టకముందే దూరాన దీపం పెట్టి కొలవవలసిన కొలత కూడా నేర్వవలసి ఉంది. ఇండక్షన్ మోటారు విషయంలో ఆ పని జరిగింది. ఆ మోటారు లోకమంతటా తిరుగుతున్నది.